మీటరు ముఖానికి వెలుగు: కోయంబత్తూరు, మదురై సీమల్లో డ్యాష్‌బోర్డు కథ

బండి డ్యాష్‌బోర్డులో వేగం, డీజిలు, ఇంజను వేడి, ఆయిలు ఒత్తిడి చూపే మీటర్లు ఉంటాయి. ప్రతి మీటరులోనూ ఒక ముల్లు, ఆ ముల్లు వెనక అంకెలు అచ్చువేసిన పలుచని పలక ఒకటి ఉంటాయి. ఆ పలకే డయల్. కంపెనీ బిగించిన డయల్ తీసేసి, దాని చోట తనంతట తానే వెలిగే డయల్ బిగించడం 1990ల నుంచి పికప్ బండ్ల సొంతదారుల్లో బాగా పాకిన పని. పైకి అది అలంకారంలా కనిపిస్తుంది. కానీ రాత్రి నడిపే మనిషికి మీటరు ఎలా కనిపించాలన్న ప్రశ్నకు నూరేళ్ళకు పైగా వెతికిన జవాబుల్లో అదొకటి. ఆ వెతుకులాటలో రేడియం ఉంది, చిన్న బల్బు ఉంది, కరెంటు తగిలితే మెరిసే పొడి ఉంది, నీలి ఎల్‌ఈడీ ఉంది. తమిళనాడులోని పాత తెలుగు ఊళ్ళ మోటారు చరిత్ర కూడా ఉంది.

విజయనగర కాలంలోనూ, ఆ తర్వాత నాయక రాజుల ఏలుబడిలోనూ తెలుగు కుటుంబాలు చాలా దక్షిణానికి తరలివెళ్ళాయి. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టాక ఆ సీమను 72 పాళెములుగా విభజించారన్నది చరిత్రలో స్థిరపడిన మాట. మదురైకి పడమట ఆండిపట్టి దగ్గరున్న కండమనూరు, ఇంకా పడమట కొండల కింద ఉన్న బోడినాయకనూరు తెలుగు మాట్లాడే నాయకుల జమీన్లు. కోయంబత్తూరు వైపు నల్లరేగడి నేలల్లో పత్తి పండించిన నాయుళ్ళు పీలమేడు, కలంగల్ లాంటి ఊళ్ళలో నిలదొక్కుకున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం వాళ్ళకు తరతరాలుగా అలవాటు. పత్తి చేలో పుట్టిన డబ్బు మిల్లుల్లోకి, మిల్లుల్లో పుట్టిన యంత్ర జ్ఞానం వర్క్‌షాపుల్లోకి మళ్ళింది. కోయంబత్తూరులో మొదటి నూలు మిల్లు 1888లో స్టేన్స్ పెట్టినది. 1910లో కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్‌కు పునాది వేశాడు. 1930ల మొదట్లో నీలగిరుల నుంచి పైకారా జలవిద్యుత్తు దిగేసరికి పట్నంలో లేతులూ పోతపోసే కొలుములూ ఊపందుకున్నాయి.

మోటారు బండి ఈ సీమలోకి రావడంలో ఇద్దరి పేర్లు ముందు చెప్పాలి. మదురైలో టి.వి. సుందరం అయ్యంగారు 1910ల మొదట్లో బస్సు నడిపాడు. కోయంబత్తూరులో జి.డి. నాయుడు. కలంగల్‌లో 1893లో తెలుగు రైతు కుటుంబంలో పుట్టిన నాయుడుకు చదువు అబ్బలేదు. ఒక ఆంగ్ల అధికారి మోటారు సైకిలు చూసి మనసు పారేసుకుని, కోయంబత్తూరు హోటల్లో పని చేసి డబ్బు కూడబెట్టి ఆ బండినే కొన్నాడు. కొన్నాక నడపడంతో ఆగలేదు, మొత్తం విప్పి మళ్ళీ బిగించాడు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తనే డ్రైవరుగా తిప్పాడు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా పెరిగి, 1930ల్లో వందల బస్సులున్న సంస్థ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారును బయటికి తెచ్చాడు. 1945లో ఆయన చొరవతో మొదలైన ఇంజనీరింగ్ చదువుల నుంచే నేటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ వచ్చింది.

విప్పి చూసి నేర్చుకోవడం అనే ఈ పద్ధతిని గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. డయల్ మార్చే పనికి కావలసిన నైపుణ్యం కూడా ఇదే. పుస్తకం ముందు పెట్టుకుని చేసే పని కాదది. ఏ స్క్రూ ఎక్కడిదో, ఏ క్లిప్పు ఎటు నొక్కితే వదులుతుందో చేతికి తెలియాలి. దక్షిణాది వర్క్‌షాపుల్లో ఆటో ఎలక్ట్రీషియన్లు చాలామంది చిన్నతనంలో ఒక మేస్త్రీ పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళే.

తొలినాటి బండ్లలో డ్రైవరు చూడడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. 1908లో మొదలైన ఫోర్డ్ మోడల్ టిలో పెట్రోలు మీటరు లేదు. సీటు ఎత్తి, ట్యాంకులో పుల్ల ముంచి తడి ఎంతదాకా ఎక్కిందో చూసుకోవాలి. ఇంజను వేడెక్కిందని రేడియేటరు మూత దగ్గర ఆవిరి చెప్పేది. వేగం మాత్రం త్వరగానే మీటరుకెక్కింది. స్ట్రాస్‌బూర్గ్‌లో ఓటో షుల్జె 1902లో పేటెంటు తీసుకున్న స్పీడోమీటరు ఆ తర్వాత దాదాపు ఎనభై తొంభై ఏళ్ళు ప్రపంచాన్ని ఏలింది. దాని పనితీరు ఇది: గేరుబాక్సు నుంచి వచ్చే మెలికల కేబులు మీటరు వెనక ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతం చుట్టూ అల్యూమినియం గిన్నె ఒకటి ఉంటుంది. రెండూ తగలవు. కానీ తిరిగే అయస్కాంతం గిన్నెలో సుడి కరెంట్లు పుట్టించి దాన్ని తనతో లాగుతుంది. వెంట్రుకలాంటి స్ప్రింగు ఆ లాగుడును అడ్డుకుంటుంది. వేగం ఎంత పెరిగితే గిన్నె అంత మెలి తిరుగుతుంది, దానికి అంటుకున్న ముల్లు అంత ముందుకు జరుగుతుంది. ఆయిలు ఒత్తిడి మీటరులో ఉండేది ఫ్రాన్సులో యూజెన్ బూర్దన్ 1849లో రూపొందించిన వంకర గొట్టం. ఒత్తిడి పెరిగితే అది కొద్దిగా నిటారు కావాలని చూస్తుంది, ఆ కదలికే ముల్లును తిప్పుతుంది.

మీటరు వచ్చింది సరే, చీకట్లో ఎలా చూడాలి? మొదట దొరికిన జవాబు రేడియం. రేడియం లవణాన్ని జింక్ సల్ఫైడ్ పొడితో కలిపి పూస్తే, ఏ దీపమూ అక్కర లేకుండా అంకెలు రాత్రంతా ఆకుపచ్చగా మెరుస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల మీటర్లకూ సైనికుల గడియారాలకూ ఈ రంగు పూశారు. న్యూజెర్సీలోని ఆరెంజ్ ఊళ్ళో డయళ్ళు పూసే అమ్మాయిలు కుంచె కొసను పెదాలతో సన్నం చేసుకోమని చెప్పిన మాట విని, రోజూ కొంత రేడియం మింగారు. దవడ ఎముకలు పుచ్చి, రక్తం చెడి చనిపోయారు. అయిదుగురు వేసిన దావా 1928లో రాజీకి వచ్చింది. కార్మికుల ఆరోగ్య చట్టాల చరిత్రలో ఆ దావాకు పెద్ద చోటుంది. డయల్ వెలుగు గురించి ఎవరు రాసినా ఈ స్త్రీల పేరు తలవకుండా ముందుకు పోకూడదు. రాత్రి దారిలో మనిషికి అంకె కనిపించడం కోసం మొదట చెల్లించిన ధర అది.

రెండో ప్రపంచ యుద్ధకాలపు సైనిక వాహనాల్లోనూ రేడియం మీటర్లు ఉండేవి. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన జీపులూ ట్రక్కులూ భారతదేశంలో పౌరుల చేతికి వచ్చాయి. పాత బండ్లు సేకరించేవాళ్ళు ఇప్పటికీ జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది. అలాంటి డయల్ ఇవాళ చీకట్లో మెరవకపోవచ్చు. మెరుపు పోయింది జింక్ సల్ఫైడ్ చెడిపోయినందువల్ల. రేడియం సగం తరగడానికే 1600 ఏళ్ళు పడుతుంది, కాబట్టి అది ఇంకా అక్కడే ఉంటుంది. మీటరు అద్దం తీసి ఆ పొడిబారిన రంగును గీకడం ప్రమాదం.

బండిలో బ్యాటరీ, డైనమో స్థిరపడ్డాక డయల్‌కు బల్బు దారి తెరుచుకుంది. 1912లో కాడిలాక్ కారుకు ఎలక్ట్రిక్ స్టార్టరుతో పాటు ఎలక్ట్రిక్ దీపాలూ అమరాయి. తర్వాతి దశాబ్దాల్లో డ్యాష్‌బోర్డు వెనక రెండు మూడు వాట్ల చిన్న బల్బులు వచ్చి చేరాయి. డయల్ అప్పట్లో రేకు. వెలుగు దాని గుండా రాలేదు. అంచు చుట్టూ ఉన్న సందులోంచి ముందుకు పారి అంకెల మీద పడేది. అందుకే పాత అంబాసిడర్ కారులో గానీ లారీలో గానీ మీటరు ఒక పక్క వెలిగి, ఇంకో పక్క మసకగా ఉంటుంది. బల్బు మీద ఆకుపచ్చ లేదా నీలం టోపీ తొడిగి వెలుగుకు రంగు తెచ్చేవారు. ఆ తర్వాత రేకు పోయి ప్లాస్టిక్ డయల్ వచ్చింది. దాని మీద నలుపు అచ్చువేసి, అంకెల చోట మాత్రం సిరా లేకుండా వదిలితే వెనక బల్బు వెలుగు అంకెల్లోంచే బయటికి వస్తుంది. పగలు తెల్ల అంకెలు, రాత్రి వెలిగే అంకెలు. ఇప్పటికీ చాలా పికప్పుల్లో ఉన్నది ఈ ఏర్పాటే.

భారతదేశంలో డయల్ ముఖం ఒకసారి దేశవ్యాప్తంగా మారింది, అదీ చట్టం వల్ల. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, 1960ల మొదట్లో మెట్రిక్ పద్ధతి తప్పనిసరి అయింది. అప్పటిదాకా బండి మీటరు మైళ్ళలో ఉండేది. రోడ్డు పక్క రాళ్ళ మీద కిలోమీటర్లు చెక్కుతున్న కాలంలో డ్రైవరు కళ్ళ ముందున్న ముల్లు మాత్రం మైళ్ళు చూపుతుంటే గుణించుకోవాలి. కొత్త బండ్లు కిలోమీటరు డయల్‌తో వచ్చాయి. పాతవి మెల్లగా రోడ్ల మీంచి తప్పుకున్నాయి.

ఆ రోజుల్లో ఈ సీమ రోడ్ల మీద తిరిగినవి మద్రాసు దగ్గర ఎన్నూరులో తయారైన అశోక్ లేలాండ్ బండ్లు, 1954లో డైమ్లర్ బెంజ్ సాయంతో మొదలైన టాటా లారీలు, మహీంద్రా జీపులు. 1972లో రాష్ట్ర ప్రభుత్వం పెద్ద ప్రైవేటు బస్సు సర్వీసులను చేతిలోకి తీసుకుని కోయంబత్తూరుకు చేరన్, మదురైకి పాండియన్ రవాణా సంస్థలు పెట్టింది. వందల బస్సులు ఒకే సంస్థ కిందికి రావడంతో విడిభాగాలకు గిరాకీ పెరిగింది. మూడేళ్ళ తర్వాత, 1975లో, కోయంబత్తూరు ఉత్తరాన పెరియనాయక్కన్‌పాళయంలో ప్రీమియర్ ఇన్‌స్ట్రుమెంట్స్ అండ్ కంట్రోల్స్ అనే సంస్థ మీటర్ల తయారీ మొదలుపెట్టింది. ప్రికోల్ అనే పొట్టి పేరే తర్వాత దాని అసలు పేరైంది. మోటారు సైకిళ్ళు, ట్రాక్టర్లు, బస్సులు, లారీలు – దేశంలో తిరిగే లక్షల బండ్ల డ్యాష్‌బోర్డు మీటర్లు ఈ కోయంబత్తూరు సంస్థవి. పత్తి మిల్లుకు కదురు, పొలానికి పంపుసెట్టు, వంటింటికి వెట్ గ్రైండరు తయారు చేసిన పట్నం డ్రైవరు కళ్ళ ముందుండే ముల్లును కూడా తయారు చేయడం కాకతాళీయం కాదు. సన్నని పని చేయగల లేతు మేస్త్రీలూ, ఆ పని నేర్పే కాలేజీలూ అప్పటికే అక్కడ ఉన్నాయి. 1926లో పీలమేడు తెలుగు కుటుంబం స్థాపించిన పి.ఎస్.జి. ధర్మసంస్థ 1951లో పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీ అందులో ఒకటి.

ఇక తనంతట తానే వెలిగే డయల్ సంగతి. దాని మూలం ప్యారిస్‌లో జార్జ్ దెస్త్రియో 1936లో గమనించిన వింతలో ఉంది. రాగి కలిపిన జింక్ సల్ఫైడ్ పొడిని ఆముదంలో కలిపి, దాని మీద ఏసీ కరెంటు ఒత్తిడి పెడితే పొడి మెరిసింది. వేడి లేదు, మండే తీగ లేదు. రేడియం డయల్‌లో వాడిన జింక్ సల్ఫైడే ఇక్కడా ఉందన్నది గమనించదగ్గ సంగతి. అక్కడ దాన్ని రేడియం నుంచి వచ్చే కణాలు మెరిపించాయి, ఇక్కడ కరెంటు మెరిపిస్తుంది. అమెరికాలో సిల్వేనియా కంపెనీ దీన్ని పలుచని పలకగా మలిచింది. 1960 క్రైస్లర్ కార్లలో డ్యాష్‌బోర్డు అంతా ఈ పద్ధతిలో వెలిగింది. అందుకోసం బండిలో 200 వోల్టుల ఏసీ పుట్టించే చిన్న పరికరం పెట్టారు. ఎక్కడా బల్బు మచ్చ లేకుండా, ముల్లుతో సహా సమానంగా పరుచుకున్న ఆ నీలిపచ్చ కాంతి అప్పటి బండ్ల వెలుగుల్లో అందమైనదని పాత కార్లు ఎరిగినవాళ్ళు ఇప్పటికీ అంటారు. ఖర్చు ఎక్కువ కావడంతో అది ఎక్కువ కాలం నిలవలేదు. 1992లో టైమెక్స్ కంపెనీ ఇండిగ్లో పేరుతో చేతి గడియారాల్లో ఇదే వెలుగును తెచ్చినప్పుడు దానికి మళ్ళీ ప్రాణం వచ్చింది. బండ్ల డయళ్ళను కూడా జనం ఆ పేరుతోనే పిలవసాగారు.

అలాంటి డయల్ కాగితంలా వంగుతుంది, కానీ దానిలో పొరలు చాలా. వెనక కరెంటు పారే పూత, దాని మీద బేరియం టైటనేట్ కలిపిన విద్యుత్ నిరోధక పొర, ఆ పైన మెరిసే పొడి, ముందు వైపు కరెంటూ వెలుగూ రెండూ పారే పారదర్శక పూత. అన్నిటికీ పైన అంకెల అచ్చు. బండి బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టుల డీసీ. దాన్ని నూరు వోల్టుల పైబడిన ఏసీగా, సెకనుకు వందల సార్లు దిశ మారేలా చేసే అగ్గిపెట్టెంత ఇన్‌వర్టరు డయల్‌తో పాటే వస్తుంది. పనిచేసేటప్పుడు అది సన్నగా ఈల వేస్తుంది. చాలా రకాల్లో కాంతిని తగ్గించి పెంచే బటను, నీలం నుంచి ఆకుపచ్చకు మార్చే మీట ఉంటాయి. ఏసీ వేగం పెరిగితే పచ్చ నీలానికి జరుగుతుంది. రంగు మార్పు రహస్యం అదే.

బిగించే పని అరపూటది, అయితే ఓపిక కావాలి. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. స్టీరింగు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం స్క్రూలు, ఆ తర్వాత మీటరు పెట్టె స్క్రూలు తీసి, పెట్టెను కాస్త ముందుకు లాగితే వెనక చేయి దూరుతుంది. పాత బండైతే స్పీడోమీటరు కేబులు క్లిప్పు నొక్కి వదిలించాలి, తర్వాత వైర్ల సాకెట్లు. పెట్టెను శుభ్రమైన బట్ట మీద పెట్టి ముందున్న అద్దం చట్రం విప్పుతారు. ఇక్కడి నుంచి వేలి ముద్ర కూడా శత్రువే. లోపల పడిన ధూళి మళ్ళీ విప్పేదాకా అక్కడే ఉంటుంది.

అసలు నేర్పు ముల్లు దగ్గర. కొన్ని డయళ్ళకు మధ్యలో కోత ఉంటుంది, ముల్లు తీయకుండానే దాని కిందికి జార్చవచ్చు. కోత లేకపోతే ముల్లు ఊడదీయాల్సిందే. కేబులు స్పీడోమీటరులో ముల్లు సున్నా దగ్గర ఒక చిన్న మేకుకు ఆని ఉంటుంది. అది దాని సహజమైన చోటు కాదు. మేకు మీదుగా ముల్లును మెల్లగా ఎత్తి వదిలితే సున్నాకు ఇంకా కిందికి జారి, స్ప్రింగు బలం తీరిన చోట నిలుస్తుంది. ఆ చోటును పెన్సిలుతో గుర్తు పెట్టుకున్న మేస్త్రీయే దాన్ని తిరిగి సరిగా నాటగలడు. గుర్తు పెట్టుకోకుండా ముల్లును నేరుగా సున్నా దగ్గర నాటితే స్ప్రింగుకు ముందున్న బిగింపు పోతుంది, ఆ తర్వాత ప్రతి వేగంలోనూ మీటరు తప్పు చెబుతుంది. ముల్లు తీయడానికి మెత్తని బట్ట చుట్టిన రెండు చెంచాలు చాలు. రెండు పక్కలా ఒకే బలంతో నిలువుగా ఎత్తాలి, తిప్పకూడదు. తిప్పితే వెంట్రుక స్ప్రింగు దెబ్బతింటుంది.

కొత్త డయల్ తీగలను పెట్టె వెనక సందులోంచి బయటికి తీసి ఇన్‌వర్టరుకు కలుపుతారు. ఇన్‌వర్టరు కరెంటు పార్కింగు లైటు వైరు నుంచి తీసుకోవాలి, అప్పుడే లైట్లు వేసినప్పుడు మాత్రం డయల్ వెలుగుతుంది. ఎర్త్ తీగ రంగు లేని ఇనుముకు తగలాలి. పికప్పులకు 12 వోల్టులు, పెద్ద లారీలకూ బస్సులకూ 24 వోల్టులు. 12 వోల్టులకు చేసిన ఇన్‌వర్టరును చూసుకోకుండా 24 వోల్టులకు కలిపితే కాలిపోవచ్చు. డయల్ తీగ తెగి చేతికి తగిలితే చురుక్కుమంటుంది. ప్రాణం మీదికి రాకపోయినా, మేస్త్రీలు ఆ చోటును టేపుతో గట్టిగా చుట్టడం అందుకే.

బిగించాక పరీక్ష తప్పదు. ట్యాంకులో డీజిలు ఎంతుందో ముందే చూసుకుని ఉంటే ఆ ముల్లు సరిగా నిలిచిందో లేదో తెలుస్తుంది. వేగాన్ని ఫోనులోని జీపీఎస్‌తో సరిపోల్చాలి. కంపెనీ మీటరు నిజం కంటే కాస్త ఎక్కువ చూపేలా కావాలనే చేస్తారు. ఐక్యరాజ్యసమితి వాహన నియమం ప్రకారం మీటరు నిజ వేగం కంటే తక్కువ ఎప్పుడూ చూపకూడదు. ఎక్కువ చూపితే అది నిజ వేగంలో పదో వంతుకు మరో 4 కిలోమీటర్లు కలిపిన హద్దు దాటకూడదు. అంటే నిజంగా 60లో పోతున్న బండి మీటరు 60 నుంచి 70 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, 59 ఉండకూడదు. బయట కొన్న డయల్ మీద అంకెల మధ్య దూరం కంపెనీ డయల్‌తో వెంట్రుకవాసి తేడా లేకుండా ఉందా అని రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి దీపానికి అడ్డంగా చూస్తే తేలిపోతుంది. అలా సరిపోని డయల్‌ను, అది ఎంత అందంగా ఉన్నా, బిగించకూడదు.

ఈ వెలుగు అసలు అక్కర ఎక్కడో తెలియాలంటే ఆండిపట్టి దారి చూడాలి. మదురై నుంచి ఉసిలంపట్టి దాటాక కొండల మధ్య ఆండిపట్టి కణవాయి అనే కనుమ వస్తుంది. దాన్ని దాటి ఆండిపట్టి, తేని, బోడి మీదుగా రోడ్డు మున్నారు ఘాట్‌లోకి ఎక్కుతుంది. ఈ సీమ సరుకు చాలావరకు రాత్రి నడిచే సరుకు. మల్లెలు తెల్లవారేలోగా మార్కెట్టు చేరాలి, కూరగాయలు వేలం పాటకు అందాలి, కొండల మీది ఏలకులు, కంబం లోయ ద్రాక్ష కిందికి దిగాలి. 1928 నుంచి ఉన్న మదురై–బోడి మీటరుగేజి రైలును బ్రాడ్‌గేజిగా మార్చడానికి 2010 చివర ఆపేశారు. 2022 మే నెలలో తేని దాకా రైళ్ళు మళ్ళీ మొదలయ్యేదాకా బరువంతా రోడ్డు మీదే పడింది. 1986 నుంచి టాటా 407, ఆ తర్వాత మహీంద్రా పికప్పులు, 2005 నుంచి టాటా ఏస్ ఇలాంటి దారులకే పనికొచ్చిన బండ్లు.

వీధి దీపం లేని ఘాట్ రోడ్డు మీద డ్రైవరు కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఒక్కసారి కళ్ళలోకి బలమైన వెలుగు పడితే ఆ అలవాటు చెదిరిపోతుంది. చీకట్లో చూసే కణాలకు నీలిపచ్చ కాంతి అంటే బాగా పట్టింపు, ముదురు ఎరుపు దాదాపు కనిపించనే కనిపించదు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కాక్‌పిట్లకు ఎర్ర దీపాలు పెట్టడానికీ, తర్వాత కొన్ని జర్మన్ కార్లు నారింజ రంగు డయళ్ళనే పట్టుకుని ఉండడానికీ కారణం ఇదే. అంటే అంగట్లో బాగా అమ్ముడుపోయే నీలి డయల్ రాత్రి కొండదారికి అన్నిటికంటే తగనిది. నీలం కంట్లో చెదురుతుంది, నలభై దాటిన కళ్ళకు అంకెల అంచులు మసకబారుతాయి. కొనేవాడు రంగు కంటే ముందు చూడాల్సింది కాంతిని బాగా కిందికి తగ్గించే బటను ఉందా అన్నది. మేస్త్రీ పగటి వెలుగులో బిగించి చూపే డయల్‌ను డ్రైవరు ఒకసారి చీకట్లో కూర్చుని చూసి ఒప్పుకోవడం మంచిది.

మెరిసే పొడికి ఇంకో బలహీనత ఉంది: తేమ, వేడి. మూసి పెట్టిన క్యాబిన్ ఎండలో ఎంత వేడెక్కుతుందో తేని ఎండలు ఎరిగినవాళ్ళకు చెప్పనక్కర లేదు. ఈ డయళ్ళ కాంతి కొన్ని వేల గంటల్లో సగానికి పడిపోతుంది. అంచు సరిగా మూసి లేకపోతే అక్కడి నుంచి నల్ల మచ్చలు లోపలికి పాకుతాయి. రోజూ రాత్రంతా నడిచే బండికి వేల గంటలంటే కొద్ది ఏళ్ళే.

దాని చోటును ఎల్‌ఈడీ ఆక్రమించింది. జపాన్‌లో నిచియా కంపెనీలో పనిచేస్తున్న షుజి నకమురా 1993లో బాగా వెలిగే నీలి ఎల్‌ఈడీని లోకానికి చూపాడు. దాని మీద పసుపు ఫాస్ఫరు పూస్తే తెల్ల కాంతి వచ్చింది. 2014 భౌతికశాస్త్ర నోబెల్ ఆయనకూ, నీలి ఎల్‌ఈడీ మీదే పనిచేసిన అకసాకి, అమానోలకూ దక్కింది. వర్క్‌షాపుకు దాని ఫలితం చాలా మామూలుగా చేరింది: డయల్ జోలికి పోకుండా వెనక బల్బు పీకి, అదే సాకెట్టులో ఎల్‌ఈడీ గుచ్చితే చాలు. వెలగకపోతే తిప్పి గుచ్చాలి, ఎందుకంటే ఎల్‌ఈడీలో కరెంటు ఒక దిశలోనే పారుతుంది. ఒక్క చోట మాత్రం ఈ సులువు పని పెద్ద తంటా తెస్తుంది. బ్యాటరీ గుర్తుతో ఎర్రగా వెలిగే చార్జింగు హెచ్చరిక బల్బు చాలా పాత బండ్లలో దీపం మాత్రమే కాదు. దానిగుండా పారే కొద్దిపాటి కరెంటే ఆల్టర్నేటరును మేల్కొల్పుతుంది. దాన్ని తీసి ఎల్‌ఈడీ పెడితే కరెంటు చాలక ఆల్టర్నేటరు చార్జింగు మొదలుపెట్టకపోవచ్చు. బండి బ్యాటరీ మీదే నడిచి, లైట్లు మందగించి, ఏ కొండ మలుపులోనో నిలిచిపోతుంది. మిగతా బల్బులన్నీ మార్చినా దాన్ని ముట్టుకోకూడదు.

1990ల తర్వాత ముల్లు కూడా మారింది. కేబులు పోయి గేరుబాక్సు దగ్గర సెన్సారు వచ్చింది, స్ప్రింగు పోయి ముల్లు కింద స్టెప్పర్ మోటారు వచ్చింది. బండి స్టార్టు చేయగానే ముళ్ళన్నీ ఒకసారి చివరిదాకా లేచి కిందికి దిగే దృశ్యం ఆ మోటారుదే. ఈ మీటర్లలోనూ డయల్ మార్చవచ్చు, కానీ ముల్లును సరైన చోట నాటడానికి ఇగ్నిషన్ వేసి మోటారును సున్నాకు రప్పించాలి. చట్టం పట్టింపూ ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి రిజిస్ట్రేషనులో రాసిన వివరాలకు విరుద్ధమైన మార్పులను నిషేధిస్తుంది. డయల్ పలక మార్పు ఆ వివరాల్లోకి రాదు గానీ, తిరిగిన కిలోమీటర్ల లెక్క చెదరడం అమ్మకం వేళ మోసం అవుతుంది. అందుకే నమ్మకమున్న మేస్త్రీ పని మొదలుపెట్టే ముందు ఆ అంకెను సొంతదారుకు చూపి కాగితం మీద రాయించుకుంటాడు.

కొత్త బండ్లలో పలక లేదు, ముల్లు లేదు. తెర మీద గీసిన బొమ్మలే రెండూ. ఆ తెరల తయారీ కోయంబత్తూరులోనూ సాగుతోంది. వాటిలో మీటరు ముఖం మారాలంటే సాఫ్ట్‌వేరు మారాలి, వర్క్‌షాపు చెంచాలకు అక్కడ పని లేదు. వెనక్కి చూడాలనుకునేవాళ్ళకు జి.డి. నాయుడు కుటుంబం 2015లో కోయంబత్తూరు అవినాశి రోడ్డులో తెరిచిన జీడీ కార్ మ్యూజియం ఉంది. మోటారు బండి తొలి నమూనాల నుంచి దశాబ్దాల వారీగా నిలిపిన కార్లలో, స్టీరింగు వెనక ఏమీ లేని చెక్క పలక నుంచి మీటర్లు నిండిన డ్యాష్‌బోర్డు దాకా వరుసగా చూడవచ్చు.